అటక మీది తంబురా

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

పాత ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంటుకు మారే ప్రతి ఇల్లాలికీ ఒక రోజు వస్తుంది. అటక మీది సామానంతా దింపి, ఉంచేది ఒక వైపు, వదిలించుకునేది ఒక వైపు పెట్టే రోజు. ఇత్తడి గంగాళాన్ని ఏం చెయ్యాలో మనకు తెలుసు. తూకం వేయించి ఇస్తాం. పాత పుస్తకాలైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. కాని అటక మూల నుంచి పాత చీర చుట్టిన తంబురా దిగిందనుకోండి, దాన్ని ఏ తూకంలో వేస్తాం?

మా ఇంట్లో అదే జరిగింది. సుల్తాన్ బజారు వెనక సందులో మా అత్తవారి పాత ఇల్లు ఉండేది. ఈ బజారు బ్రిటిషు రెసిడెన్సీని ఆనుకుని పుట్టింది. 1933లో నిజాము ప్రభుత్వానికి తిరిగి దక్కేదాకా దీన్ని రెసిడెన్సీ బజారనే అనేవారట. చీరలకీ గాజులకీ మీరందరూ వచ్చే చోటే. ఇప్పుడైతే మెట్రో రైలు కూడా ఉంది. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దిగింది మా అత్తయ్యగారి తంబురా. నిజానికి అది ఆవిడ తండ్రిగారిది. అయిదడుగుల పొడుగు, నల్లబడిన పనసకర్ర, ఒక తీగె లేదు, మిగతావి తుప్పు పట్టాయి.

పాత సామాన్లు కొనే అతను వచ్చి చూసి, వేలితో టకటక కొట్టి, "పలక పగిలిందమ్మా, మోత లేదు. షోకేసులో పెట్టుకునేవాళ్ళకు తప్ప పనికిరాదు. పదిహేను వందలు" అన్నాడు. నేను సరేననబోయాను. చెప్పొద్దూ, ఆ రోజు నాకు దాని పొడుగే తప్ప ఇంకేమీ కనపడలేదు. కొత్త ఇంట్లో దాన్ని ఎక్కడ నిలబెట్టాలి?

అత్తయ్యగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. వద్దనలేదు. "తీగెలు అటకెక్కించినప్పుడే వదులు చేసి ఉంచానమ్మాయీ. బోర్లా మాత్రం పడుకోబెట్టనియ్యకు, గుర్రం పాడవుతుంది" అన్నారు అంతే. ఇరవై ఏళ్ళ కిందట అటకెక్కించిన వస్తువుకు ఆ జాగ్రత్త చేశారంటే మళ్ళీ దింపుదామనేగా! నేను అతనికి మంచినీళ్ళిచ్చి పంపేశాను.

తంబురా అంటే మనలో చాలామందికి గాయకురాలి వెనక ఎవరో అమ్మాయి కూర్చుని నిద్రకళ్ళతో మీటే వస్తువు. పాట లేదు, పల్లవి లేదు. మా అబ్బాయి కాలేజీ బృందంలో బాస్ గిటారు వాయిస్తాడు. వాడొకసారి, "అమ్మా, నా వాద్యం ఎవరూ వినరు. నేను ఆపేస్తే మాత్రం అందరూ తల తిప్పి చూస్తారు" అన్నాడు. పాశ్చాత్య వాద్యబృందాల్లో మనిషి కంటే పొడుగ్గా, వెనక నిలబెట్టి వాయించే డబుల్ బాస్ సంగతీ అంతేనట. దాని అన్నిటికన్నా లావు తీగె సెకనుకు సుమారు 41 సార్లు కదులుతుంది. వాడి గిటారులో లావు తీగెదీ అదే స్వరం. మగవారి పెద్ద తంబురాలో మంద్రషడ్జమం, ఒకటిన్నర శ్రుతికి పెడితే, సుమారు 69 సార్లు. ఇంటికి పునాది ఎలాగో సంగీతానికి ఈ అడుగు స్వరం అలాగన్నమాట. ముగ్గు వేసేది వాకిట్లోనే గాని పునాది మీద ఎవరు వేస్తారు?

తంబురాకు నాలుగు తీగెలు. మొదటిది పంచమం, తర్వాతి రెండూ సారణి, అనుసారణి, అంటే షడ్జమాలు. చివరిది ఇత్తడి తీగె, మంద్రషడ్జమం. పంచమాన్ని నడిమి వేలితో, మిగతా మూడింటినీ చూపుడు వేలితో మీటుతారు. మీటడం అన్నాను గాని లాగకూడదు, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు వేలి పక్కభాగంతో తాకి వదలాలి. పాట తాళంతో దీనికి పని లేదు. పాట పరుగెత్తినా ఇది తన నడక మార్చదు.

అసలు రహస్యం గుర్రం దగ్గర ఉంది. వయొలిన్‌కు గుర్రం కత్తి అంచులా సన్నగా ఉంటుంది. తంబురాకు అలా కాదు. అరచెయ్యిలా వెడల్పుగా, కనపడీ కనపడకుండా వాలి ఉంటుంది. తీగె కదిలినప్పుడల్లా ఆ వాలును తాకుతూ విడుస్తూ ఉంటుంది. అందువల్ల ఒక్క తీగెలోంచే దాని పై స్వరాలన్నీ గలగలమని లేస్తాయి. తీగెను ఫలానా చోట మీటితే ఫలానా పై స్వరం పలకకూడదని శాస్త్రం. తంబురాలో అది కూడా పలుకుతోందని, దానికి కారణం ఈ గుర్రమేనని సి.వి. రామన్ గారు కలకత్తాలో ఉండగా 1921లో రాశారు. శ్రుతి బాగా కుదిరినప్పుడు మంద్రం తీగెలో ఎవరూ పెట్టని గాంధారం దానంతటదే వినపడుతుంది. అత్తయ్యగారి లెక్కలో అది వినపడేదాకా శ్రుతి పూర్తయినట్టు కాదు.

ఇంకొక చిన్న వస్తువుంది, జీవాళి. గుర్రానికీ తీగెకూ మధ్య దూర్చే దారం ముక్క. దాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపితే చచ్చిన తీగె లేచి కూర్చుంటుంది. మన కుట్టుపెట్టెలోని మామూలు నూలుదారమే. ఇది లేకపోయినా, స్థానం తప్పినా తంబురా "మోత లేదు" అనిపిస్తుంది. పదిహేను వందలన్నాడే, అతనికి ఈ దారం సంగతి తెలియదు. లేదా తెలిసే ఆ మాట అన్నాడో!

మర్నాడు నేనూ మా అమ్మాయీ దాన్ని ఆటోలో అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. మన ఊళ్ళో మిరజు నుంచి వచ్చే సొరబుర్ర తంబురాలూ దొరుకుతాయి, తంజావూరు పద్ధతిలో పనసకర్ర తొలిచినవీ దొరుకుతాయి. మిరజు సితార్లకూ తంబురాలకూ 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆయన రెండూ ఎరిగినవాడు. ముందు దండిని పైనుంచి ఒక కన్ను మూసి చూశాడు. వంగలేదు. వంగితే ఇక దాని కథ ముగిసినట్టే, ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి. కుండ చుట్టూ వేలితో కొట్టుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు. అక్కడ మోత పలచనైంది. "పగల్లేదు బీబీ, అతుకు విడిచింది" అన్నాడు. తర్వాత తలకిందులు చేసి విదిలించాడు. పొడి రాలితే పురుగు పట్టినట్టు. మాది రాలలేదు. బిరడాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పట్టుకోని బిరడాకు సుద్దముక్క రాస్తే చాలట. గుర్రం మీద మాత్రం తీగెలు కోసుకుపోయి గాడులు పడ్డాయి. దాన్ని మళ్ళీ అరగదీసి వాలు తేవాలి. వాళ్ళు దాన్ని జవారీ తియ్యడం అంటారు. చాలా ఓపిక పని. అతుకూ జవారీ కొత్త తీగెలూ కలిపి మూడువేల రెండు వందలయింది.

నేను ఆ డబ్బు ఇస్తూ కొంచెం సణిగాననే ఒప్పుకోవాలి. పదిహేను వందల వస్తువుకు మూడువేల ఖర్చా అని.

ఇంటికి తెచ్చాక అసలు చిక్కు వచ్చింది. మా అమ్మాయిది అయిదున్నర శ్రుతి. ఇది మగవారి కోసం చేసిన పొడుగు తంబురా, ఒకటి ఒకటిన్నర శ్రుతికి పలికేది. పైకి లాగితే తీగె తెగుతుంది, మొండిగా లాగితే దండికే ముప్పు. ఆడవారి తంబురా పొట్టిగా ఉండేది అందుకే. నేను ఆశ్చర్యపోయి, "మరి మీరెలా పాడుకున్నారత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ పెళ్ళయిన కొత్తలో రాంకోటి సంగీత కళాశాలలో సాయంత్రాలు నేర్చుకున్నారు. 1952 నుంచీ నడుస్తున్న కళాశాల అది. అక్కడ పొట్టి తంబురా ఉండేది. ఇంట్లో మాత్రం దీనికే సన్నతీగెలు వేయించి, నాలుగు దాకా లాగి, తన గొంతు దించుకుని పాడేవారట. "ఇంకొకటి కొనమని అడగలేదా?" అన్నాను. "ఇంట్లో ఒకటి ఉండగా ఇంకొకటా?" అన్నారు. ఎంత కాలం అలా పాడారో నేను అడగలేదు.

ఆ రాత్రి ఆవిడే, "దాన్ని అమ్మేసి పిల్లకు సరిపడేది కొను" అన్నారు.

అమ్మడం గురించి నేను నేర్చుకున్నవి మీకు చెబుతాను. దుకాణంలో పాతది ఇచ్చి కొత్తది తీసుకోవడం సులువే గాని, అక్కడ పాతదాని ధర వాళ్ళే కడతారు, కొత్తదాని ధరా వాళ్ళే చెబుతారు. సుల్తాన్ బజారు నుంచి ఆబిడ్స్ దాకా నేనెక్కిన రెండు మూడు దుకాణాల్లో చెప్పిన ధరలకు పొంతన లేదు. ఒకచోటైతే అద్దంలో వేలాడే గిటార్లు చూపించి, "ఇవి అడుగుతున్నారమ్మా, తంబురా ఎవరు కొంటారు?" అన్నారు. అక్కడే గోడకు ఆనించిన కొత్త తంబురా ధర అడిగితే మాత్రం అది బాగా పోయే సరుకే అయింది! అందుకని మేము సంగీతం టీచర్లకు చెప్పాం. కాగితం మీద కర్ర ఏదో, పొడుగెంతో, ఏ శ్రుతికి పలుకుతుందో, ఏమేం బాగు చేయించామో, అతుకు సంగతితో సహా రాశాను. లోపం ముందే చెప్పిన వస్తువు బేరంలో తక్కువ తగ్గుతుందని చీరల దుకాణంలో మనకు తెలిసిన విషయమే కదా.

నలుగురు వచ్చి చూశారు. చివరికి గాత్రం నేర్చుకునే ఒక కుర్రాడు వాళ్ళమ్మతో వచ్చాడు. ఒకటిన్నర శ్రుతి. అత్తయ్యగారు ధర చెప్పలేదు, "శ్రుతి చెయ్యి నాయనా" అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. మేము కాఫీలు తాగేశాం. అయిపోయిందనుకున్నాక ఆ అబ్బాయి తనే తల అడ్డంగా ఊపి, "మంద్రం కొంచెం తగ్గింది మామ్మగారూ" అని మళ్ళీ పూస జరిపాడు. పధ్నాలుగు వేలు అనుకున్నదాన్ని ఆవిడ పదమూడు చేశారు. నేను కళ్ళతో సైగ చేసినా చూడలేదు.

చిన్న తంబురా కొనేటప్పుడు మాకు భయం లేదు, పెద్దాయన చేసినదంతా చూశాం కనుక. మీరు కొనేటప్పుడు ఒక్క మాట. దుకాణంలో పది నిమిషాలు మోగించి తెచ్చుకోకండి. మీ శ్రుతికి పెట్టించి అరగంట అక్కడే కూర్చోండి. దిగిపోతోందా, నిలబడుతోందా చూడండి. శ్రుతి సరిచూసే ఫోనులు ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. ఆ ఫోనే తంబురాలా మోగుతుంది కూడా, మరి అసలుది ఎందుకని మా అబ్బాయి వాదించాడు. నిజమే, పరీక్ష రోజుల్లో, ప్రయాణాల్లో దాన్ని మించినది లేదు. ఖర్చు లేదు, చోటు అక్కరలేదు. నేనైతే దాన్ని తక్కువ చెయ్యను. కాని ఫోను తప్పు పలకదు. ఎక్కువా తక్కువా తేడా చెవికి తెలియాలంటే తప్పు పలికే తీగె ఒకటి చేతికింద ఉండాలి. ఇది అత్తయ్యగారి వాదం, నాకు సరిగ్గానే తోచింది.

తెచ్చాక ఎండ తగలని మూల గోడకు ఆనించి, గుడ్డ తొడిగి నిలబెట్టండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. వానాకాలంలో శ్రుతి మారితే కంగారు పడొద్దు, కర్ర చెమ్మ పీల్చింది అంతే. ఊరికి తీసుకువెళ్ళేటప్పుడు తీగెలు వదులు చెయ్యండి.

మాది సెకండ్‌హ్యాండుదే, పదకొండున్నర వేలు, సొరబుర్ర. సాయంత్రం ఆరింటికి అత్తయ్యగారు నా కుట్టుపెట్టెలోంచి దారం తీసుకుని జీవాళి సరిచేస్తారు, పిల్ల పక్కన కూర్చుంటుంది. ఆ అరగంట కుక్కరు పెట్టకూడదని ఇంట్లో కొత్త నియమం. విజిల్ శ్రుతి చెడగొడుతుందట. అందుకని మా భోజనం ఆలస్యమవుతోంది. పిల్లకు ఆ గాంధారం ఇంకా వినపడలేదు. నాకు మాత్రం మొన్న వంటింట్లో పప్పు కడుగుతుంటే ఒకసారి వినపడింది. చెబితే అత్తయ్యగారు నమ్మలేదు.