డ్రమ్ము గొంతంతా అడుగునే!

పేరు చూసి కాదు.. తోలు, తీగ, శ్రుతి చూసి కొనాలి
నేర్చుకునే పిల్లల కోసం చేసిన డ్రమ్మే పెద్దపెద్దోళ్లకు ఇష్టమైన వైనం

బ్యాండు మేళం ఇంకా వీధి మలుపులో ఉండగానే ముందుగా చెవిన పడేది సైడ్ డ్రమ్మే. ‘టర్ర్ర్..’ మని వినిపించగానే ఊరేగింపు వచ్చేసిందని పిల్లలు గుమ్మంలోకి పరుగెడతారు. బళ్లారి, హోసూరు, బరంపురం, చంద్రపూర్, యానాం.. ఊరేదైనా మనోళ్ల పెళ్లిలోనూ, వినాయక నిమజ్జనంలోనూ ఈ చప్పుడు వినాల్సిందే. దీన్నే స్టేజి మీద డ్రమ్ సెట్టులో పెడితే స్నేర్ డ్రమ్ అంటారు.

బ్యాండులో చెయ్యి తిరిగిన కుర్రాళ్లు ఆర్కెస్ట్రాకో, చర్చి సంగీత బృందానికో వెళ్లాలనుకుంటే మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే. ఏ డ్రమ్ కొనాలి? విదేశీ కంపెనీ పేరున్నదైతే ధర గుండె గుభేల్‌మనిపిస్తుంది. పెళ్లి సీజన్ మీదే బతుకు. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి ఊరేగింపులే ఆగిపోయిన రోజులు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. మిగిలిన గిరాకీకి డీజే బాక్సులు పోటీ. ఇలాంటప్పుడు వడ్డీకి తెచ్చి పేరున్న డ్రమ్ కొనాలా? పేరుమోసిన డ్రమ్మర్లు దేన్ని, ఎందుకు ఇష్టపడ్డారో చూస్తే జవాబు సగం దొరుకుతుంది.

తీగలు లేకుంటే టర్ర్ లేదు

సైడ్ డ్రమ్‌కు రెండు తోళ్లు. పైది కర్ర దెబ్బ తినేది, కాస్త మందం. కిందది కాగితంలా పల్చన. ఆ కింది తోలుకు ఆనుకుని మెలికలు తిరిగిన ఉక్కు తీగలుంటాయి. మామూలుగా 20. పైన దెబ్బ పడగానే లోపలి గాలి కింది తోలును తోస్తుంది. తోలు తీగలను ఎగరేస్తుంది. అవి తిరిగొచ్చి తోలును కొడతాయి. మనకు వినిపించే ‘టర్ర్’ ఇదే. పక్కనున్న మీట నొక్కి తీగలు వదులు చేసి చూడండి. అదే డ్రమ్ ‘డబ్.. డబ్’ మని మామూలు డోలక్కులా మోగుతుంది.

ఇది పటాలాల వాయిద్యం. భుజాన పట్టీ వేసి తొడ పక్కన వేలాడదీసేవారు కాబట్టి సైడ్ డ్రమ్ అయ్యింది. డ్రమ్ ఏటవాలుగా ఉండటంతో ఎడమ చేతి కర్రను అరచేయి పైకి తిప్పి పట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ చాలామంది అలాగే పడతారు. పూర్వం తోలు దూడది, తీగల చోట పేగు నరాలు. వాన చినుకు పడితే తోలు వదులైపోయేది. మన డప్పును మంట దగ్గర కాచి బిగువు తెస్తారే, అదే బాధ వాళ్లకూ ఉండేది. 1950ల చివర్లో ప్లాస్టిక్ తోళ్లు వచ్చాయి. అమెరికాలో రెమో బెల్లీ అనే డ్రమ్మర్ 1957లో పెట్టిన రెమో కంపెనీ వాటిని ఊరూరా చేర్చింది. తోలు అన్నమాట మాత్రం అలాగే ఉండిపోయింది.

పెద్దోళ్లు మెచ్చినవి

షికాగోలో 1909లో లుడ్విగ్ సోదరులు మొదలుపెట్టిన కంపెనీ పేరు డ్రమ్మర్లందరికీ తెలుసు. 1920లలో వాళ్లు తెచ్చిన బ్లాక్ బ్యూటీ ఇత్తడి డ్రమ్. పైన నల్లటి నికెల్ పూత, దాని మీద చెక్కడపు పని. మోత నిండుగా ఉంటుందని ఇప్పటికీ దాన్ని వెతికి కొనేవాళ్లున్నారు. 1960లలో సుప్రాఫోనిక్ వచ్చింది. అల్యూమినియం ఒంటికి క్రోమ్ పూత. రికార్డింగుల్లో ఎక్కువగా వినిపించిన స్నేర్ ఇదేనని డ్రమ్మర్లు చెప్పుకుంటారు. లెడ్ జెప్పెలిన్ బృందంలోని జాన్ బోన్‌హామ్ వాడింది ఇందులో ఆరున్నర అంగుళాల లోతుది. ఆయన దెబ్బకున్న బరువుకు ఆ లోతు కలిసొచ్చింది. బీటిల్స్ రింగో స్టార్ మాత్రం లుడ్విగ్‌లోనే చెక్క డ్రమ్ వాయించాడు. దాని పలుకు మెత్తన.

అసలు కథ అక్రోలైట్‌ది. నేర్చుకునే పిల్లల కోసం అదే కంపెనీ 1960లలో చేసిన చవక డ్రమ్ ఇది. అల్యూమినియం ఒళ్లు సుప్రాఫోనిక్‌దే. క్రోమ్ పూత వేయలేదు, బిగించే మరలు పదికి బదులు ఎనిమిదే పెట్టారు. పొదుపు కోసం చేసిన ఈ పనే కలిసొచ్చింది. సుప్రాఫోనిక్‌కు ఏళ్లు గడిచే కొద్దీ క్రోమ్ పొక్కులు లేచేది. పూతే లేని అక్రోలైట్‌కు ఆ బెడద లేదు. పలుకు పొడిగా, తేటగా ఉంటుంది. స్కూలు అటకల మీద పడున్న వీటిని తర్వాత రోజుల్లో పెద్దపెద్ద డ్రమ్మర్లే రికార్డింగు గదులకు తీసుకెళ్లారు.

మన దగ్గర శివమణిని చూడండి. 2019లో పద్మశ్రీ అందుకున్న ఈ చెన్నై డ్రమ్మర్ సూట్‌కేసు మీద, నీళ్ల క్యాను మీద కూడా తాళం పలికిస్తాడు. ఖరీదైన డ్రమ్ముంటేనే చెయ్యి పలుకుతుందనేది ఉత్త మాట.

ఏ పనికి ఏది?

బయట వీధిలో వాయించేవారికి ఇత్తడి, ఉక్కు ఒళ్లున్నవి పనికొస్తాయి. మోత దూరం వెళ్తుంది. కాకపోతే ఇత్తడి అల్యూమినియం కంటే మూడింతలు బరువు. రెండు మూడు గంటలు ఊరేగింపులో మోస్తే భుజం లాగేస్తుంది. హాల్లో, మైకు ముందు వాయించేవారికి చెక్కో, అల్యూమినియమో నయం. లోతు తక్కువుంటే పలుకు చురుగ్గా, ఎక్కువుంటే బరువుగా వస్తుంది. స్టేజి డ్రమ్‌లకు 14 అంగుళాల వెడల్పు, ఐదు నుంచి ఆరున్నర అంగుళాల లోతు మామూలు. బ్యాండు వాయిద్యాలకు పేరుపడ్డ మీరట్‌లోని జలీ కోఠీ బజారు సరుకైనా, విదేశీ సరుకైనా చూడాల్సింది ఇవే.

కొనేముందు ఇవి చేసి చూడండి

* కింది తోలు ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. పైతోలు చిరిగితే మారుస్తాం గానీ కిందిదాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోం. డ్రమ్ మూగబోవడానికి తరచూ అదే కారణం.

* తీగల్లో ఒక్కటి వంగినా అనవసరపు జరజర వస్తుంది. అది సర్దుకోకుంటే తీగల పట్టీ మార్చేయండి. డ్రమ్ మార్చక్కర్లేదు.

* మరలను వరసగా తిప్పకండి. ఒకటి తిప్పాక దానికి ఎదురుగా ఉన్నది తిప్పాలి. ఒక్కోసారి పావు చుట్టు చాలు. ప్రతి మర దగ్గరా కర్రతో తట్టి, అన్నిచోట్లా ఒకే శ్రుతి వస్తోందో లేదో వినాలి.

* కింది తోలు పైదానికంటే కాస్త బిగువుగా ఉంటే పలుకు స్పష్టంగా ఉంటుంది.

* తీగలను మరీ బిగించొద్దు. గొంతు నొక్కినట్లవుతుంది. మెల్లగా తట్టినా ‘టర్ర్’ వినిపించేంత వదులుండాలి.

* యానాం, బరంపురం వైపు ఉప్పుగాలికి తీగలు, మరలు తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం మానొద్దు.

ఇన్ని చేసినా మోత నచ్చకపోతే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించవచ్చు. బజారుకు మాత్రం ఒంటరిగా వెళ్లకండి. మీరు వాడే కర్రలు వెంట తీసుకెళ్లండి. మీ మేళంలో పెద్దాయనెవరినైనా తోడు తీసుకెళ్లి, ఆయన్ను వాయించమని మీరు పది అడుగులు దూరంగా నిలబడి వినండి. జనానికి వినిపించేది ఆ మోతే.