తెరమీది పుస్తకము – చేతిలోని పుస్తకము

కడపలో సి. పి. బ్రౌను నివసించిన బంగళా స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది. ఆయన కాలమున కావ్యప్రతి కావలసినచో పండితులకు జీతమిచ్చి వ్రాయింపవలసి వచ్చెడిది. బ్రౌను ఆ వ్యయమును తన సొమ్ముతో భరించెను. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1903 నాటి పరిష్కృత ముద్రణ రూపమున, నేడు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నది.

ఇక పాఠకుడు అచ్చుపుస్తకము కొనుట మానునా? ఒక పదమునకు అర్థము వెదకువానికి తెర చాలును. అతడు బరువైన సంపుటమును కొనకపోవచ్చును. కాని నెమ్మదిగా చదివి, అంచున గుర్తులు పెట్టుకొని, పిదప పిల్లల కీయదలచిన పుస్తకమును అచ్చులోనే కోరువారు పెక్కురు. ఈ–పుస్తకమును చదువుటకే గాని మరల అమ్ముటకు సామాన్యముగా హక్కుండదు.

ఒక భేదమును మరువరాదు. బ్రౌను 1884లో గతించెను. ఆయన గ్రంథములు నేడు సర్వజనుల సొత్తు. మన చట్టము ప్రకారము రచయిత మరణానంతరము 60 ఏండ్లవరకు హక్కు నిలుచును. కర్నూలు, కడప సీమల రచయితలలో సొంత ఖర్చుతో కొన్ని వందల ప్రతులు అచ్చువేయించుకొనువారు కలరు. వారి పుస్తకమును అనుమతి లేకయే ఫోనులో దింపుకొన్నచో, మరుసటి పుస్తకమునకు కాగితపు వెల యెక్కడినుండి వచ్చును? నిఘంటువుపై మిగిలిన రూపాయలతో సజీవ రచయిత గ్రంథమొకటి కొనుట న్యాయము.