ముళ్ళబంతి చెప్పే లెక్క

తల లేదు, కాళ్ళు మాత్రం వందలు. నోరు ఒంటి అడుగున, మలద్వారం పైన. ఒళ్ళంతా ముళ్ళు. ఏమిటో చెప్పగలరా? అదే సీ అర్చిన్. పాత ఇంగ్లీషులో 'అర్చిన్' అంటే ఒంటినిండా ముళ్ళుండే హెడ్జిహాగ్ అనే చిన్న జంతువు. మనం దీన్ని ముళ్ళబంతి అందాం.

బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్ళినా, చీరాల దగ్గర వాడరేవుకు వెళ్ళినా ఇది సులువుగా కనబడదు. అది ఇసుక తీరం. చాలా రకాల ముళ్ళబంతులకు పట్టుకొని నిలవడానికి రాయి కావాలి. విశాఖపట్నంలో నీరు వెనక్కు తగ్గే ఆటు సమయాన రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళతో కదలకుండా కూర్చొని ఉంటాయి. చూడండి గాని చేత్తో తాకకండి. ముల్లు విరిగి చర్మంలో ఉండిపోతుంది.

అయిదు లెక్క

ముళ్ళబంతి సముద్ర నక్షత్రానికి బంధువు. దాని శరీరం అయిదు భాగాలుగా అమరి ఉంటుంది. పెంకులోని సన్నని రంధ్రాల గుండా నాళ పాదాలు బయటికి వస్తాయి. లోపలి నుంచి నీటిని తోసినప్పుడు అవి సాగుతాయి. కొనలతో రాయిని అంటిపెట్టుకుంటాయి. నోటిలో అయిదు పళ్ళు. వాటితో రాతిమీది నాచును గీరి తింటుంది. ఈ పళ్ళ అమరికను పూర్వం గ్రీకు పండితుడు అరిస్టాటిల్ వర్ణించాడు. అందుకే దానికి 'అరిస్టాటిల్ లాంతరు' అని పేరు.

ఆడ, మగ జీవులు తమ బీజకణాలను నీటిలోకి వదులుతాయి. ఫలదీకరణ నీటిలోనే జరుగుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ 1876లో అండకేంద్రకం, శుక్రకణ కేంద్రకం కలిసిపోవడాన్ని వివరించింది ముళ్ళబంతి గుడ్లను చూసే. గుడ్డులోంచి వచ్చే డింభకానికి మనలాగే కుడి, ఎడమ పక్కలుంటాయి. అది కొన్ని వారాలు నీటిలో తేలుతూ, డయాటముల వంటి సూక్ష్మజీవులను తిని పెరుగుతుంది. తరువాత అడుగుకు చేరి, రూపం మార్చుకొని, అయిదు భాగాల ముళ్ళబంతి అవుతుంది.

ఎక్కువైతే ఎడారి, తక్కువైతే పాచి

నాచు మేసే ఈ చిన్న జీవి సముద్రానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

అలాస్కాకు పడమరగా అల్యూషియన్ దీవులున్నాయి. అక్కడి సముద్రపు నీటికుక్కకు ముళ్ళబంతి ఇష్టమైన ఆహారం. నీటికుక్క రోజుకు తన బరువులో దాదాపు నాలుగో వంతు తింటుంది. బొచ్చు కోసం మనుషులు వాటిని 18, 19 శతాబ్దాలలో విపరీతంగా వేటాడారు. 1911లో ఒక అంతర్జాతీయ ఒప్పందం ఆ వేటను ఆపింది. కొన్ని దీవుల చుట్టూ నీటికుక్కలు మళ్ళీ పెరిగాయి, కొన్నిచోట్ల పెరగలేదు. 1974లో ఎస్టెస్, పామిసానో అనే శాస్త్రజ్ఞులు ఈ రెండు రకాల దీవులనూ పోల్చి చూశారు. నీటికుక్కలున్నచోట కెల్ప్ అనే పెద్ద నాచు అడవిలా ఉంది. లేనిచోట ముళ్ళబంతులు విపరీతంగా పెరిగి నాచునంతా మేసేశాయి. మిగిలింది బోడి రాయి.

కరిబియన్ సముద్రంలో కథ తిరగబడింది. 1983లో పనామా దగ్గర మొదలైన ఒక జబ్బు, ఏడాది తిరిగేసరికి ఒక జాతి ముళ్ళబంతులలో నూటికి తొంభైకి పైగా చంపేసింది. జమైకాలో నాచు మేసే చేపలను అంతకుముందే మనుషులు పట్టేశారు. ఇక మేసేవారెవరు? నాచు పెరిగి పగడపు దిబ్బలను కప్పేసింది.

అంటే మేలూ కీడూ జీవిలో లేవు, సంఖ్యలో ఉన్నాయి. ఆ సంఖ్యను అదుపులో ఉంచేది దాన్ని తినే జీవి.

ముళ్ళబంతి సేద్యం

ముళ్ళబంతి పెంకులోని అయిదు బీజకోశాలను జపాన్ వారు ఎంతో ఇష్టంగా తింటారు. గిరాకీ పెరిగి, 1995 ప్రాంతంలో ప్రపంచమంతటా పట్టినవి లక్ష టన్నులు దాటాయి. తరువాత రాబడి బాగా తగ్గింది. అందుకే జపాన్‌లో తొట్లలో డింభకాలను పెంచి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. నాచు లేని బోడి రాళ్ళమీది ముళ్ళబంతుల్లో బీజకోశాలు సరిగా నిండవు. అలాంటివాటిని పట్టి తెచ్చి, కనగావా ప్రాంతంలో అమ్మకానికి పనికిరాని క్యాబేజీని మేపి చూశారు. అవి బాగానే నిండాయి!

మరి మన రొయ్యల చెరువుల్లో వీటిని పెంచవచ్చా? కష్టమే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ముళ్ళబంతి ఒంట్లోని ద్రవం కూడా దాదాపు అంత ఉప్పగా ఉంటుంది. బయటి ఉప్పు తగ్గితే తట్టుకోలేదు. ఈ జీవుల కుటుంబంలో మంచినీటి జాతి ఒక్కటీ లేదు. కృష్ణకు వరద వస్తే ముఖద్వారం దగ్గరి నీరు చప్పబడుతుంది గదా!

మన చేలలోనూ ఇదే లెక్క

ముళ్ళబంతి మన చెరువుకు రాకపోయినా, దాని లెక్క మన పత్తిచేనులో ఉంది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు కాయతొలుచు పురుగును చంపడానికి పైరెత్రాయిడ్ మందులను పదేపదే కొట్టారు. ఆ మందులకు అక్షింతల పురుగులు, సాలీళ్ళు చచ్చాయి. ఆకు అడుగున రసం పీల్చే తెల్లదోమ మాత్రం బతికింది. తినేవారు లేక చేలకు చేలను కమ్మేసింది. మందు కొట్టేకొద్దీ పురుగు పెరిగింది, అప్పూ పెరిగింది. 1987-88లో పంట దెబ్బతిని, అప్పుల పాలై కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

అల్యూషియన్ దీవులలో నీటికుక్క చేసే పనిని మన చేలో అక్షింతల పురుగు చేస్తుంది. ఈసారి మందు కొట్టని చేను దొరికితే, పది మొక్కల ఆకులను తిప్పి చూడండి. తెల్లదోమ, పేనుబంక ఎన్ని? అక్షింతల పురుగులు, సాలీళ్ళు ఎన్ని? రెండు వరుసల్లో రాసుకోండి. వారం తరువాత అవే మొక్కలను మళ్ళీ లెక్కించండి. ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దలకు చూపండి. మందు కొనే ముందు చూడవలసిన లెక్క అదే.