కంటికి కనిపించని తూకం

ఏప్రిల్ వచ్చిందంటే బిలాస్‌పూర్‌లో పిల్లల్ని నీళ్ళలోంచి బయటికి రప్పించడం కష్టం. కిందటి వేసవిలో లింగియాడీహ్‌లోని మా పెరట్లో మేమూ పక్కింటివాళ్ళూ కలిసి ఒక చిన్న ఈత కొలను పెట్టుకున్నాం. ఇనుప గొట్టాల చట్రానికి మందపాటి ప్లాస్టిక్ పట్టా బిగించే రకం అది. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 60 సెంటీమీటర్లు. గుణిస్తే 3.6 ఘనపు మీటర్లు, అంటే 3,600 లీటర్లు. బోరు నీళ్ళు నింపి, ఫిల్టర్ తగిలించి, ఇక పని అయిపోయిందనుకున్నాం.

మూడో రోజుకే నీళ్ళు పాలు కలిపినట్టు మసకబారాయి. క్రిములు పెరిగాయనుకుని బ్లీచింగ్ పౌడర్ చల్లాం. ఇంకా తెల్లబడ్డాయి. మరికాస్త చల్లాం. పిల్లలు ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చారు. లాభం లేదని నీళ్ళన్నీ వదిలేసి మళ్ళీ నింపాం. మూడు వారాల్లో నాలుగుసార్లు ఇలాగే చేశాం. మొత్తం 14,400 లీటర్లు కాలువపాలయ్యాయి.

నాలుగోసారి వదులుతుంటే ఎదురింటి మామ్మగారు చూశారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్ళది. "ఏటి బాబూ, అర్పాలో ఇసకే మిగిలింది. మీరేటి ఇన్నేసి నీళ్ళు ఒంపేస్తన్నారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మర్నాడు బడిలో కెమిస్ట్రీ మాస్టారికి సంగతంతా చెప్పాం. ఆయన ఒకటే అడిగారు: "కొలిచారా?" కొలవలేదు. కంటితో చూసి ఊహించుకున్నాం, అంతే.

ఆ సాయంత్రమే టెస్ట్ స్ట్రిప్‌లు తెచ్చాం. కాగితపు పట్టీని నీళ్ళలో ముంచి, మారిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చి చూడటమే. పీహెచ్ 8.2 ఉంది.

పీహెచ్ అనే కొలతను 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె మారితే పదింతల తేడా. మన కన్నీటి పీహెచ్ సుమారు 7.4. అందుకే కొలను నీళ్ళు 7.2కీ 7.6కీ మధ్య ఉంటే కళ్ళకు హాయి. క్లోరిన్‌కూ అదే అనువైన చోటు. నీళ్ళలో కలిసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో క్రిములను గట్టిగా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర అది దాదాపు సగం ఉంటుంది. 8 దగ్గర పావు వంతే. మా కొలనులో ఇంకా తక్కువ. అంటే మేము పోసిన మందులో చాలా భాగం పని చేయకుండా ఊరికే ఉంది.

మరి ఆ తెలుపు ఏమిటి? అది క్రిములు కాదు, సున్నం. ఛత్తీస్‌గఢ్ మైదానం కింద సున్నపురాయి పొరలున్నాయి. ఈ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలిసింది వాటి వల్లే. మా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టేది కూడా అందుకే. బ్లీచింగ్ పౌడర్‌లోనూ సున్నం ఉంటుంది. సున్నపు నీళ్ళలో మళ్ళీ సున్నం కలిపాం. పీహెచ్ పెరిగింది, కరిగి ఉన్న కాల్షియం తెల్లటి పొడిగా విడిపడింది. మేము మందు అనుకుని పోసిందే జబ్బును పెంచింది.

ఇక సరిదిద్దడం. పీహెచ్ తగ్గించే పొడి తెచ్చి, డబ్బా మీద రాసిన మోతాదులో సగమే బకెట్ నీళ్ళలో కరిగించి పోశాం. ఫిల్టర్ నడిపి, కొన్ని గంటలాగి మళ్ళీ కొలిచాం. రెండు రోజులకు పీహెచ్ మళ్ళీ పైకి పాకింది. దానికి కారణం క్షారత. బండికి బ్రేకులా అది పీహెచ్‌ను ఇటూ అటూ ఎగిరిపడకుండా పట్టి ఉంచుతుంది. లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములుంటే చాలు. మా బోరు నీళ్ళలో అంతకన్నా ఎక్కువ ఉంది. పిల్లలు నీళ్ళు చిమ్మినప్పుడల్లా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ దించాల్సి వచ్చింది. వారానికి నీళ్ళు అడుగు కనిపించేంత తేటబడ్డాయి.

క్లోరిన్‌కు లెక్క కట్టాం. లీటరుకు 2 మిల్లీగ్రాములు కావాలంటే 3,600 లీటర్లకు 7.2 గ్రాములు. బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతే క్లోరిన్ కాబట్టి దాదాపు 22 గ్రాములు. అంతకుముందు మేము గుప్పిళ్ళతో చల్లేవాళ్ళం! ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్‌లోని నీళ్ళలో పొడి కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం పోస్తాం. ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది గనుక సాయంత్రం పోస్తాం. పొద్దున కొలిచాకే పిల్లల్ని దింపుతాం.

పిల్లలూ, ఈ మందులు పెద్దలు మాత్రమే ముట్టుకోవాలి. బ్లీచింగ్ పౌడర్‌నూ ఆమ్లాన్నీ ఎప్పుడూ ఒకచోట కలపకూడదు. ప్రాణం తీసే క్లోరిన్ వాయువు పుడుతుంది. కొలను దగ్గర ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు నిజం వేరు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే క్లోరమిన్‌లు ఏర్పడతాయి. వాసనా, కళ్ళ మంటా వాటివే. స్నానం చేసి దిగడం అందుకే. లోతు 60 సెంటీమీటర్లే కదా అని పెద్దలెవరూ లేకుండా దిగవద్దు. తేట నీళ్ళు కూడా ప్రాణం తీయగలవు.

తర్వాత దాదాపు ఆరు వారాలు, వానలు పడేదాకా, ఆ నీళ్ళే నిలిచాయి. ఆవిరైనంత మాత్రం పోసుకున్నాం. చివర్లో క్లోరిన్ వేయడం ఆపి, స్ట్రిప్ సున్నా చూపించాక బకెట్లతో తోడి చెట్లకు పోశాం. మొదటి బకెట్ మామ్మగారి జామచెట్టుకు. ఆమె చెయ్యి ముంచి వాసన చూసి, "మరి ముందే ఇలా చెయ్యొచ్చు కదేటి!" అన్నారు.

చెయ్యొచ్చు. ముందే కొలిచి ఉంటే.