ఇంటి కంప్యూటరు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్ళేటప్పుడు తాళంచెవి ఎవరికిచ్చామో మనం మరచిపోము. పక్కింటి పెద్దమ్మకిచ్చామా, కొంగుకే ముడివేసుకున్నామా అని జ్ఞాపకం పెట్టుకుంటాము. అయితే వేలకు వేలు పోసి కొన్న కంప్యూటరు విషయంలో ఈ జాగ్రత్త మనలో ఎందరికున్నది? పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల నకళ్ళు, పెళ్ళి ఫోటోలు అందులోనే దాచుకుంటాము. దాని తాళంచెవి ఎక్కడున్నదో మాత్రం అడగము.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ పట్టణాలలో చదువుకొనే పిల్లలకూ, దరఖాస్తులు నింపే దుకాణాలకూ, చీరల వ్యాపారులకూ కంప్యూటరుతో పని పడుతూనే ఉంటుంది. కొత్తది కొన్నప్పుడు మనం చేసేదేమిటి? "అన్నీ నువ్వే వేసివ్వు బాబూ" అని అమ్మిన కుర్రవానికే అప్పగిస్తాము. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రెండు రకాల ఖాతాలు

విండోస్ కంప్యూటరులోకి రెండు విధాలుగా ప్రవేశించవచ్చు. ఒకటి లోకల్ అకౌంట్, అంటే ఆ యంత్రానికి మాత్రమే తెలిసిన పేరు, పాస్‌వర్డు. రెండవది మైక్రోసాఫ్ట్ అకౌంట్. ఇది ఈమెయిలుతో, ఇంటర్నెట్టు ద్వారా, ఆ కంపెనీ వద్ద ఉండే ఖాతా. ఈ రెండవ పద్ధతి 2012లో విండోస్ 8తో వచ్చింది. 2021లో వచ్చిన విండోస్ 11 హోమ్ అయితే మొదటిసారి తెరిచేటప్పుడే నెట్టునూ, ఈ ఖాతానూ అడుగుతుంది.

నెట్టు లేనిరోజు కంప్యూటరు తెరుచుకోదేమోనని కొందరు భయపడతారు. అది అపోహ. ఒకసారి ప్రవేశించిన యంత్రం ఆ తర్వాత నెట్టు లేకపోయినా తెరుచుకుంటుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే లోపలి సమాచారమంతా రహస్యలిపిలోకి మారిపోతుంది. దొంగ ఎత్తుకుపోయి డిస్కు ఊడదీసినా చదవలేడు. ఇది గొప్ప మేలే. అయితే దానిని విప్పే 48 అంకెల రికవరీ కీ, మొదట ప్రవేశించిన ఖాతాలోనే భద్రమవుతుంది.

ఆ ఖాతా అమ్మినవానిదే అయితే? రెండేళ్ళ తర్వాత మరమ్మతుకిస్తే, తిరిగి తెరిచేటప్పుడు నీలిరంగు తెర ఆ 48 అంకెలను అడగవచ్చు. ఆ కుర్రవాడు అప్పటికి ఏ ఊళ్ళో ఉన్నాడో! కీ దొరకకపోతే మైక్రోసాఫ్ట్ వారు కూడా దానిని తయారుచేసి ఇవ్వలేరు. ఫోటోలు పోయినట్లే.

ఖాతా మనదే అయినా ఇంకొక చిక్కున్నది. పాస్‌వర్డు మరచిపోతే, మనమిచ్చిన ఫోను నంబరుకు కోడ్ వస్తుంది. పని కోసం పట్నానికో, పై రాష్ట్రానికో వెళ్ళిన పాలమూరు కుటుంబాలలో నంబర్లు మారుతూ ఉంటాయి. రీఛార్జి చేయక నెలల తరబడి వదిలేసిన నంబరు రద్దై, మరొకరికి వెళ్ళవచ్చు. అప్పుడు మన కోడ్ వారి ఫోనుకు పోతుంది.

లోకల్ ఖాతాకు ఈ బెడద లేదు. కాని విండోస్ 11 హోమ్‌లో లోకల్ ఖాతా ఒక్కదానితోనే ఉంటే, పైన చెప్పిన రహస్యలిపి రక్షణ సాధారణంగా పూర్తికాదు. డిస్కు చెడిపోతే వేరేచోట నకలు కూడా ఉండదు.

ఎవరికి ఏది మేలు?

ఇంట్లోనే ఒకచోట ఉండే కంప్యూటరుకు, ఈమెయిలు అలవాటులేని పెద్దలకు లోకల్ ఖాతా చాలును. అయితే నెలకొకసారి ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టుకోవాలి. హాస్టలుకూ, బస్సుల్లోనూ తిరిగే విద్యార్థి ల్యాప్‌టాప్‌కు సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా మేలు. పిల్లలు కంప్యూటరు ముందు కూర్చునే సమయానికి మైక్రోసాఫ్ట్ కుటుంబ సదుపాయంతో హద్దు పెట్టదలచిన తల్లిదండ్రులకు కూడా ఆ ఖాతాయే కావాలి.

గద్వాల చీరలో నూలు బట్టకు పట్టు అంచు కలిసినట్లు, రెండింటినీ కలుపుకోవచ్చు కూడా. లోకల్ ఖాతాతో ప్రవేశిస్తూనే, వన్‌డ్రైవ్‌కు మాత్రం సొంత ఖాతా ఇచ్చి ముఖ్యమైన కాగితాలను అందులో దాచుకోవచ్చు. ఉచితంగా వచ్చేది 5 జీబీ మాత్రమే. అది నిండితే కొత్తవి చేరవు. రెండేళ్ళలో ఒక్కసారైనా ప్రవేశించకపోతే ఆ ఖాతాను మూసివేయవచ్చు.

ఈ రాత్రే ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడున్న ఈమెయిలు ఎవరిదో చూడండి. మీదైతే, అందులో ఇచ్చిన ఫోను నంబరు ఇప్పటికీ మీ చేతిలోనే ఉందా చూసుకోండి. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులో మీ ఖాతా తెరిచి, అందులోని రికవరీ కీని కాగితంమీద రాసి ఇంటి దస్తావేజులతో ఉంచండి. ఈమెయిలు పరాయివారిదైతే, కంప్యూటరు బాగా నడుస్తుండగానే సమాచారాన్ని వేరుగా నకలు తీసి, కీ సంపాదించి, ఆపై మీ ఖాతాకు మార్చుకోండి. ఆ కాగితం ఎక్కడ పెట్టారో ఇంట్లో మరొకరికి కూడా చెప్పండి. రేపు మీరు ఊళ్ళో లేనినాడు వారికి అవసరం పడవచ్చు.