సౌర తెరచాప : వెలుగు తోసే నౌక

అంతరిక్ష యానమనగానే మన మనోనేత్రం ముందు నిలిచేది నిప్పులు చిమ్ముతూ పైకెగసే రాకెట్టు. ఆ రాకెట్టు బరువులో అధికభాగం ఇంధనమే. దూరం పెరిగినకొద్దీ ఇంధనం పెరగాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం కావాలి. అది నిండుకున్ననాడు నౌక తన దారిని తాను మార్చుకోజాలదు. ఈ చిక్కుకు శాస్త్రజ్ఞులు కనుగొన్న ఒక పరిష్కారం, పడవ నడిపేవారు అనాదిగా ఎరిగిన సాధనమే. అదియే తెరచాప. అయితే గాలిలేని శూన్యంలో తెరచాపను తోసేదేది? సూర్యకాంతి!

కాంతి ఒక వస్తువును తోయగలదా అన్న సందేహం సహజం. తోకచుక్క తోక సూర్యునికి ఎదురుదిక్కుగా సాగడానికి సూర్యకిరణాలే కారణమని 17వ శతాబ్ది ఆరంభంలో కెప్లర్ ఊహించాడు. కాంతికి పీడనం కలదని 1873లో మాక్స్‌వెల్ సిద్ధాంతరీత్యా నిరూపించాడు. ఆ పీడనాన్ని రష్యాలో లెబెదెవ్, అమెరికాలో నికల్స్, హల్ 1900-1903 ప్రాంతంలో ప్రయోగపూర్వకంగా కొలిచారు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవాలి. క్రూక్స్ రేడియోమీటరు అనే గాజుబుడ్డిలో ఒకవైపు నలుపు, మరొకవైపు తెలుపు గల రేకులు ఎండ తగలగానే తిరుగుతాయి. ఇది కాంతి పీడనమేనని పలువురు తలుస్తారు. నిజానికి కాంతిని త్రిప్పికొట్టే తెల్లవైపుననే పీడనం హెచ్చు. కాని రేకులు నల్లవైపున తోసినట్లుగా తిరుగుతాయి! బుడ్డిలో మిగిలిన కొద్దిపాటి గాలి వేడెక్కడమే దీనికి కారణం. కంటికి కనిపించేదంతా మనం అనుకున్న కారణంచేతనే జరుగుతున్నదని నమ్మరాదనుటకు ఇదొక పాఠం.

కాంతికణమైన ఫోటానుకు ద్రవ్యరాశి లేకున్నా ద్రవ్యవేగం కలదు. నల్లని తలంపై పడితే దానిని అక్కడ అప్పగిస్తుంది. అద్దంపై పడి వెనుకకు మరలితే, గోడకు కొట్టిన బంతివలె, రెట్టింపు తోపుడునిస్తుంది. భూమి ఉన్న దూరంలో ఒక హెక్టారు అద్దంపై సూర్యకాంతి కలిగించే బలం, అరచేతిలో ఉంచిన 9 గ్రాముల బరువుకు మించదు. అందుచేతనే తెరచాప మిక్కిలి విశాలంగాను, మిక్కిలి పలుచగాను ఉండాలి.

ఈ స్వల్పబలం ఏపాటిదని తోచవచ్చును. 2010 మే నెలలో జపాను ప్రయోగించిన ఇకారోస్ దీనికి సమాధానం చెప్పింది. సుమారు 310 కిలోగ్రాముల ఆ నౌక, తాను గిరగిర తిరుగుతూ 14 మీటర్ల భుజం గల చతురస్రపు తెరచాపను విప్పుకొన్నది. దాని మందం మిల్లీమీటరులో వేయింట ఏడున్నర వంతులు మాత్రమే. దానిపై పనిచేసిన బలం గ్రాములో పదోవంతు బరువుకు సమానం. అయినను దినమునకు దాని వేగంలో సెకనుకు ముప్పయి సెంటీమీటర్ల మార్పు వస్తుంది. రాకెట్టు కొన్ని నిమిషాలు మండి ఆరిపోతుంది. కాంతి మాత్రం రేయింబవళ్ళు తోస్తూనే ఉంటుంది. ఆ నౌక 2010 డిసెంబరులో శుక్రగ్రహ సమీపంగా సాగిపోయింది.

సూర్యుని నుండి వచ్చే కాంతితో సూర్యునివైపే పోవడమెట్లా? నౌక అప్పటికే సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తున్నది. తెరచాపను ఏటవాలుగా నిలిపి ఆ పరిభ్రమణ వేగాన్ని తగ్గిస్తే గురుత్వాకర్షణ దానిని లోపలికి లాగుతుంది. హెచ్చిస్తే వెలుపలికి సాగుతుంది.

మన దేశానికి కూడ దీనితో సంబంధమున్నది. ఇన్సాట్-1 ఉపగ్రహాలకు సౌరఫలకాలు ఒకవైపునే ఉండేవి. వాటిపై కాంతి పీడనం ఉపగ్రహాన్ని త్రిప్పివేయకుండ, రెండవవైపున పొడవైన కమ్మీకి ఒక చిన్న సౌర తెరచాపను అమర్చారు. 1982 ఏప్రిల్‌లో వెళ్ళిన ఇన్సాట్-1ఎ లో అది విచ్చుకోలేదు. మరికొన్ని లోపాలు తోడై, స్థితి నియంత్రణకు కావలసిన ఇంధనం నిండుకొనగా, ఆ ఉపగ్రహాన్ని సెప్టెంబరులోనే విడిచిపెట్టవలసివచ్చింది. 1983 ఆగస్టులో బయలుదేరిన ఇన్సాట్-1బి మాత్రం అనేక సంవత్సరాలు దూరదర్శన ప్రసారాలకు, వాతావరణ పరిశీలనకు తోడ్పడింది.

ఈ విధానానికి పరిమితులు లేకపోలేదు. సూర్యుని నుండి దూరం రెట్టింపైతే కాంతిబలం నాలుగోవంతవుతుంది. బృహస్పతి వద్ద ఇరవైయేడవ వంతే మిగులుతుంది. భూమికి సమీపంలో పలుచని గాలి కూడ అడ్డు తగులుతుంది. 2019లో 32 చదరపు మీటర్ల తెరచాపతో కక్ష్యను మార్చి చూపిన లైట్‌సెయిల్-2, ఆ అడ్డు కారణంగానే 2022 నవంబరులో వాతావరణంలో ప్రవేశించి దగ్ధమైంది. అయినను కృషి ఆగలేదు. 2024లో అమెరికా వారి నాసా సంస్థ తేలికైన మిశ్రమ పదార్థపు కమ్మీలతో సుమారు 80 చదరపు మీటర్ల తెరచాపను అంతరిక్షంలో విప్పింది.

విద్యార్థి మిత్రులారా! మన కిటికీలోనుండి పుస్తకంపై పడే ఎండ కూడ ఆ పుటను తోస్తూనే ఉన్నది. మనకు తెలియదు, అంతే. బలం స్వల్పమైనా విరామమెరుగనిదైతే అది గ్రహాంతరాలకు దారి తీస్తుంది. చదువు విషయంలోనూ ఇది సత్యమే కదా!