ప్రళయానంతర జీవనము

మహామారి వాతబడి లోకమంతయు శిథిలమై, మృతులు జాంబీలై సంచరించుచుండగా, ఏకాకిగా మిగిలిన మానవుఁడు ఏమి తిని, ఎచట తలదాచుకొని బ్రదుకవలెననునదియే, 2017వ సంవత్సరమున రష్యాదేశపు కెఫిర్ సంస్థ మొబైల్ ఫోనులకై వెలువరించిన ‘లాస్ట్ డే ఆన్ ఎర్త్: సర్వైవల్’ అను ఆటకు ఇతివృత్తము.

ఆరంభమున ఆటగాని చేత ఆయుధమేమియు నుండదు. పైన్ దుంగలను, సున్నపురాళ్లను ఏరి తెచ్చి గొడ్డలి చేసికొని, దానితో చెట్లు నఱికి, నేల పఱచి, గోడలు నిలిపి యిల్లు కట్టుకొనవలెను. ఆ పని సాగుచుండగనే ఆఁకలిదప్పులు పైబడును. నీరు త్రాగిన పిమ్మట మిగిలిన ఖాళీ సీసా సైతము అమూల్యమే. వాననీటిని పట్టు పరికరమునందు దానినే యుంచి మరల నింపుకొనవలెను. లేడిని వేటాడఁ బోవువాఁడు వంగి, అలికిడి లేక, వెనుకనుండి సమీపింపవలెను. ఈ సూక్ష్మపరిశీలనయే ఈ యాటకు ప్రాణమని నా యభిప్రాయము.

దీనిని విశాల స్వేచ్ఛాప్రపంచ మందురు గాని, నిజమునకది ఎడతెగని భూమి కాదు; పటముపై వేఱువేఱుగా నమరిన అడవులు, రాతిగనులు, బంకర్ల సముదాయము. ఒకచోటినుండి మఱియొకచోటికి పరుగిడుటకు శక్తి వ్యయమగును. అది తఱిగినచో వేచియుండవలెను, లేదా నడచి పోవలెను, కానిచో నిజమైన ధనము వెచ్చింపవలెను. ఓర్పును పరీక్షింపవలసిన యాట ఓర్పులేమిని విక్రయవస్తువుగా చేసికొనుట నాకు మిక్కిలి బాధాకరము. మరణించినచో మోయుచున్న సామగ్రి యంతయు నచటనే పడిపోవును గనుక, అనుభవజ్ఞులు విలువైనవానిని ఇంటి పెట్టెలలో దాఁచి, అవసరమైనంత మాత్రమే వెంటఁ గొని వెడలుదురు.